ఈశ్వరమ్మ పేరు మీద

భూపాలపల్లి,
19 జనవరి 1986

అక్కా,

అమ్మ ఉత్తరం నిన్న అందింది. పెళ్లిచూపులు తప్పించుకోవడానికే నేను తుంటి పట్టుకుని పడుకుంటున్నానని నువ్వు అన్నావట. రాసింది అమ్మ కాబట్టి, నువ్వు అనలేదేమో అనుకోవడానికి కొంచెం వీలుంది. కానీ మాట తీరు నీదే. "దానికి చదువు నడుములకు దిగింది" అనే మాట మన ఇంట్లో ఇంకెవరికి తడుతుంది?

మీ అందరి ధోరణి నాకు అర్థం కాదు. పడుకుంటే నటన. లేచి బడికి పోతే నొప్పే లేదు. నవ్వితే తగ్గిపోయింది, ఏడిస్తే మొండితనం. ఈ మూడేళ్లలో నేనేం చేస్తే మీ కంటికి నొప్పి కనబడుతుందో ఒక్కరు చెప్పండి, అదే చేస్తాను. రేగొండ మలుపులో బస్సు బోల్తాపడినప్పుడు తుంటి ఎముక విరిగింది, తర్వాత అతికింది. అతికిందని ఎక్స్‌రేలో అందరూ చూసి సంతోషించారు. అతికిన చోట లోపల ఏం నలుగుతున్నదో ఆ ఫొటోలో పడదు.

ఇక్కడ రోజుకు ఐదు పీరియడ్లు నిలబడాలి. మూడో పీరియడుకు నేను బల్ల ఎక్కి కూర్చుంటాను. ఏడో తరగతి పిల్లలు మా టీచరు బల్ల మీద కూర్చుంటదని వేరే తరగతుల వాళ్ల ముందు గొప్పలు పోతున్నారు. ఇంటికొస్తే ఇంటామె కొమురమ్మ ఇసుక వేడిచేసి మూటకట్టి ఇస్తుంది. ఇస్తూ ఊరుకోదు. "గీ వయసుల గిదేం నొప్పి పంతులమ్మా, నీకంటె నేనే నయమున్న. నాట్లేసచ్చి గూడ నిలవడ్డ సూడు!" అంటుంది. ఆమె అన్నదానికి నాకు కోపం రాదు. ఆమెకు నేను మొన్న పరిచయమైన మనిషిని.

ఇక అసలు సంగతి. బావ పంపిన డబ్బాలో పల్లీపట్టీల కింద ఈసారి ఇరవై నొప్పి గోలీలే ఉన్నాయి. ఎప్పుడూ నెలకు అరవై వచ్చేవి. రెండు పూటలా వేసుకుంటేనే బడికి పోగలుగుతున్నాను. ఇరవైతో నేను ఏ పది రోజులు మనిషినో మీరే ఎంచి పెట్టండి. గార్ల సంబంధం వద్దన్నందుకు గోలీలు తగ్గించమని బాపు బావకు చెప్పాడా? చెప్పి ఉంటే నాకు సూటిగా రాయండి.

మీ అత్తమ్మను అడిగానని చెప్పు.

అరుంధతి


మానుకోట,
30 జనవరి 1986

చెల్లె అరుంధతికి,

నీ ఉత్తరం చదివి కోపానికి అప్పుడే జవాబు రాయబోయిన. తర్వాత పిల్లగాండ్లకు జొరమొచ్చింది, కోపం ఎటు పోయిందో పోయింది. అందుకే గిప్పుడు రాస్తున్న.

నేను అమ్మతోని అన్నది ఒకటి, అమ్మ నీకు రాసింది ఒకటి. "అది లేవలేక పండుకుంటే సూపులకు ఎట్ల కూసుంటదే అమ్మా" అన్న. గంతే. నడుములకు చదువు దిగుడు, నేను అనలే. అది బాపు మాట. నా తీరున్నదంటే బాపు దగ్గర్నించే నాకు వచ్చింది మరి.

గోలీలు ఎవ్వలు తగ్గియ్యమన్లే. కిందటి నవంబరుల కొత్త చట్టమొచ్చింది. గంజాయి, నల్లమందు అమ్మెటోళ్లను పట్టేతందుకట. నీ గోలీలు గూడ నల్లమందు జాతియే అని మీ బావ అంటున్నడు. ఏండ్లకు ఏండ్లు జైలట. మానుకోటల మెడికల్ దుకాణపోళ్లంత పరేషాన్. అందరు ఆ మందులు వాపసు తోలిండ్రు. నీకోసమని మీ బావ ఒక్కడే ఉంచిండు. ప్రతి గోలీకి డాక్టరు చిట్టీ ఉండాలె, రిజిస్టర్ల పేరెక్కాలె. ప్రకాశం డాక్టరు అరవై రాసెటాయన భయపడి ఇరవై రాసిండు. "డెబ్బయ్యేండ్ల ముసలామె పేరు గాబట్టి గీ ఇరవయ్యన్న రాస్తున్న నారాయణా" అన్నడట మీ బావతోని.

రిజిస్టర్ల ఈశ్వరమ్మ అని ఉన్న ఆ ముసలామె మా అత్తమ్మనే అని మల్ల యాది చేస్తున్న. అప్పుడు పెండ్లిగాని పిల్ల పేరు గసొంటి రిజిస్టర్ల ఎక్కొద్దని బాపు జనగామ నుంచి వచ్చి మీ బావ చేతులు పట్టుకున్నడు. ఏం జెయ్యాల్నో మాకు తోచలే. అత్తమ్మ పక్కకు కూసోని ఆకు నములుకుంట, "నా పేరు రాసుకోండ్రి. దానితోని నాకేం పనున్నది? రాస్తె అరుగుతదా?" అన్నది. నీకోసం గంత చేసినోళ్లం, గార్ల సంబంధం కోసం నీకు గోలీలు ఆపుతమా?

తింటున్నవా? పల్లీపట్టీలు మెత్తవడ్డయా?

మీ అక్క
నిర్మల


భూపాలపల్లి,
11 ఫిబ్రవరి 1986

అక్కా,

చట్టం సంగతి నాకు తెలియదు. తెలియకుండా రాశాను. ఇక్కడికి పేపరు మధ్యాహ్నం బస్సుకు వస్తుంది, నా చేతికి వచ్చేసరికి మా హెడ్‌మాస్టరు దాన్ని చదివి, మడిచి, దాని మీదే తిని ఉంటాడు.

పల్లీపట్టీలు మెత్తబడలేదు. గోలీలు అయిపోయాయి. అందుకే మొన్న శనివారం పరకాలలో ఒక డాక్టరు దగ్గరికి పోయాను. నా పేరుతోనే పోయాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, చదివి నువ్వే చెప్పు.

నొప్పి మూడేళ్లుగా ఉందన్నాను. "పాత చిట్టీలు చూపించండి" అన్నాడు. లేవన్నాను. "మూడేళ్లూ మందే వాడలేదా?" అన్నాడు. వాడానని చెబితే ఎక్కడివని అడుగుతాడు. వాడలేదంటే, ఇన్నాళ్లు ఆగిన నొప్పి ఇంకొన్నాళ్లు ఆగుతుంది. రెండూ కాకుండా గోలీ పేరు చెప్పాను. ఆయన కలం కింద పెట్టాడు. "పేరు కూడా తెలుసే!" అన్నాడు. ఇంతసేపూ నన్ను రోగిలా చూసిన మనిషి అప్పటి నుంచి ఇంకోలా చూశాడు. పైగా "గోలీ కాదమ్మా, మాత్ర అనాలి" అని నా తెలుగు దిద్దాడు. ఆయనది గుంటూరు వైపట. చివరికి బలానికి ఒక సీసా రాసిచ్చి, "పెళ్లయితే సర్దుకుంటుంది" అన్నాడు. డిగ్రీ చదివి, బస్సెక్కి, ఒంటికాలి మీద బరువు వేసి గంటన్నర వరసలో నిలబడి నేను తెచ్చుకున్న వైద్యం ఇది.

అక్కా, కాగితాల మీద నాకు నొప్పే లేదు. మూడేళ్ల నొప్పి మొత్తం మీ అత్తమ్మకే ఉంది. ఆ రిజిస్టరులో ఇకనైనా నా పేరు రాయించు. ప్రకాశం డాక్టరును బావ గట్టిగా ఒక్కసారి అడిగితే రాయడా? దుకాణం తనదే కదా, అంత భయమేమిటి?

అరుంధతి


మానుకోట,
2 మార్చి 1986

అరుంధతికి,

దుకాణం మాదే. భయం గూడ మాదే. మందుల ఇన్స్పెక్టరు వచ్చి పొయ్యిముందట డబ్బాలు సుత తీసి చూసిపోయిండు మొన్న. మా పెద్దోడు బడినుంచి వచ్చి "నాయినను పట్టుకపోతరా" అని అడిగిండు. నువ్వు బస్సెక్కి పరకాలకు పోయిన కష్టం రాసినవ్, ఇది గూడ చదువు.

రిజిస్టర్ల నీ పేరు ఇప్పుడు రాస్తే, ఇన్నేండ్లు తప్పుడు పేరు రాసినమని మేమే ఒప్పుకున్నట్టు. లైసెన్సు పోతది. గంతటితోని ఆగుతదో ఆగదో. గింత చదివినదానివి, గీ సంగతి నీకు తట్టలేదా?

ఒకటి చెప్తున్న, కోపానికి రాకు. అరవై తొమ్మిదిల తెలంగాణ లొల్లి అయినప్పుడు నువ్వు ఏడేండ్ల పిల్లవు. బడులు, కాలేజీలు బందువెట్టిండ్రని నువ్వు గంతులేసినవ్. నేను హనుమకొండల పీయూసీ చేరుదునని కొత్త చీర గూడ కొనుక్కున్న. ఏడాది పోయింది. "ఊకె ఇంట్ల కూసునుడెందుకు" అని బాపు ఆ చీర మీదనే నా పెండ్లి చేసిండు. అది ఎవ్వలకు కనవడ్డది? నేనెవ్వలకు చూపించిన? నీకు కనీసం ఎక్స్‌రే ఉన్నది.

పన్నెండు గోలీలు పంపుతున్న. ప్రకాశం డాక్టరు ఇగ ఇంతకంటె రాయనన్నడు. ఏప్రిల్ ఆఖర్ల గార్లోళ్లు జనగామకు వస్తమన్నరు. పిల్లగాడు సంజీవ మంచోడేనట, ఎరువుల దుకాణమున్నది. వచ్చి కూసో. నీకు పుణ్యముంటది.

అత్తమ్మకు కడుపుల నొస్తున్నది. వాము నీళ్లు ఇస్తున్న.

నిర్మల


జనగామ,
27 ఏప్రిల్ 1986

అక్కా,

కూర్చున్నాను. నువ్వు చెప్పావని కాదు, సెలవుల్లో ఇంకెక్కడికి పోవాలో తెలియక ఇంటికొచ్చాను. ఇంటికొస్తే ఇది తప్పదు.

మార్చిలో నువ్వు పంపిన పన్నెండులో, పరీక్షలప్పుడు ఒక రోజు ఒకటి తప్ప తక్కిన రోజులన్నీ వేసుకోకుండా గడిపాను. ఎట్లా గడిపానో రాయను. రాస్తే నా ఎక్స్‌రే నీ చీరకు పోటీ వచ్చినట్టు ఉంటుంది. కొమురమ్మ మాత్రం ఇప్పుడు నా నడుము, తన నడుము పోల్చడం మానేసింది. పొద్దున గోడ పట్టుకుని లేస్తుంటే తలుపు దగ్గర నిలబడి చూసి, నీళ్లు తోడి పెట్టి, ఏమీ అనకుండా పోతుంది. నాకు అదే భయంగా ఉంది.

ఈ రోజు గార్ల వాళ్లు ఏడుగురు వచ్చారు. వాళ్లు రావడానికి అరగంట ముందు రెండు గోలీలు వేసుకున్నాను. చాప మీద గంట కూర్చున్నాను. ఆ సంజీవ నా బి.ఎ. గురించి ఒక్క మాట అడగలేదు కానీ, భూపాలపల్లిలో బొగ్గు పడుతుందంటున్నారు నిజమేనా అని అడిగాడు. భూమికి బొక్కలు పెట్టి చూస్తున్నారని చెప్పాను. తర్వాత వాళ్లమ్మ, "జర లేచి మంచినీళ్లు తెస్తవా బిడ్డా" అన్నది. దాహం కాదు. బస్సు సంగతి వాళ్ల చెవిన ఎక్కడో పడింది, నడిపించి చూస్తున్నది. లేచాను. పోయాను. చెంబుతో వచ్చాను. "పిల్ల నడక మంచిగనే ఉన్నది" అన్నది పక్కావిడతో. అమ్మ మొహం చూడాల్సింది అప్పుడు.

ఆ నడక రెండు గోలీలది. పెళ్లయిన మర్నాటి నుంచి ఆ గోలీలు ఎక్కడివి? ఈ మాట బాపును అడిగాను. "అప్పటి సంగతి అప్పుడు" అన్నాడు. ఇంకోసారి అడిగితే, "నీకు ఆ మందుకు అలవాటయిందే, నొప్పి ఎప్పుడో పోయింది" అన్నాడు. ఆ మాట బాపుకు మీ ఇంటి నుంచి వచ్చిందా అక్కా? బావ ఏమైనా రాశాడా?

ఇంకా తొమ్మిది ఉన్నాయి. దాచుకుంటున్నాను. బడి తెరిచిన మొదటి వారానికి.

మీ అత్తమ్మ కడుపునొప్పి ఎట్లా ఉంది?

అరుంధతి


మానుకోట,
10 మే 1986

చెల్లె,

మీ బావ బాపుకు ఏం రాయలే. గీ మధ్య ఆయన ఉత్తరాలు రాసే తీరుగ లేడు.

అత్తమ్మది వాము నీళ్లతోని పొయ్యేది కాదు. హనుమకొండల ఒక ప్రైవేటు దవాఖానకు తీస్కపోయినం. కడుపుల గడ్డ. కార్జానికి గూడ పాకింది, కోసుడు లేదు అన్నరు. నొప్పి ఎట్లుంటదంటే, ఆమె మంచం పట్టె కొరుకుతున్నది చెల్లె. పట్టె మీద పండ్ల గాట్లున్నయి.

నొప్పికి సూది ఇయ్యమన్నం. ఆ డాక్టరు ప్రకాశం డాక్టరు రాసిచ్చిన కాగితం చదివిండు. దాన్ల మూడేండ్ల నుంచి గీమె నల్లమందు గోలీలు నెలకు అరవై తింటున్నదని ఉన్నది. ఆయన మమ్ముల చూసి, "ముసలామెకు అలవాటు వడ్డది. గింత అరుపు నొప్పిది కాదు, యావది. కొత్త చట్టముల గిసొంటోళ్లకు ఇస్తె నా పట్టా పోతది" అన్నడు. జొరం గోలీ రాసిచ్చిండు. జొరం గోలీ!

మీ బావ నేల చూసుకుంట నిలవడ్డడు. నేను గూడ.

ఇంటికి తెచ్చినం. మీ బావ దుకాణంల ఒక్క గోలీ లేదు. నువ్వు తిన్న మార్చి పన్నెండే ఆఖరి. ఇంటినిండ మందులే, ఆమెకు మందు లేదు.



నిర్మల


జనగామ,
14 మే 1986

అక్కా,

ఈ పొట్లంలో తొమ్మిది ఉన్నాయి. మీ అత్తమ్మకు. పూటకొకటి, కాస్త తిన్న తర్వాత. మలబద్ధకం చేస్తుంది, వేడినీళ్లు ఎక్కువ తాగించు.

నువ్వైనా బావైనా ఆ డాక్టరుకు నిజం చెప్పండి. చెల్లె తిన్నదని చెప్పండి. నా పేరు, ఊరు, బడి అన్నీ చెప్పండి. ఈ రోజే పోయి చెప్పండి.

అరుంధతి


మానుకోట,
9 జూన్ 1986

అరుంధతికి,

అత్తమ్మ మే ఇరవై ఆరున పోయింది. దినాలైనయి. బాపు, అమ్మ వచ్చిపోయిండ్రు. నీకు లేవరాలేదని చెప్పిండ్రు. నిజమో కాదో నాకు అడగ బుద్ధికాలే.

నీ పొట్లం వచ్చింది. లేవు, అయిపోయినయి, సచ్చిపోతున్న అని జనవరి నుంచి ఏడ్సుకుంట రాసినవు గదా, మరి తొమ్మిది ఎక్కడివి? మేం ఇంట్ల జైలు భయంతోని సగం సచ్చి పంపినయి నువ్వు దాసిపెట్టుకుంటున్నవా? అంటే అవి లేకుంట గడిచింది. అంటే బాపు అన్నదే నిజమా? నాకు గిదే తిరుగుతున్నది తలల.

నాలుగు ఇచ్చిన. నాలుగు పూటలు పండుకున్నది. ఐదో పూటకు ఇన్స్పెక్టరు మల్ల వస్తున్నడని కబురొచ్చింది. చిట్టీ లేని గోలీలు ఇంట్ల దొరికితే ఇగ అయిపోయినట్టే అని మీ బావ మిగిలిన ఐదు మోరిల పారేసిండు. పారేసి వచ్చి వాళ్లమ్మ కాళ్లకాడ కూసున్నడు. ఆమె అరుస్తనే ఉన్నది.

మొన్న రాసిన ఉత్తరంల ఒకటి రాయలే. దవాఖానల డాక్టరు అలవాటు వడ్డదన్నప్పుడు అత్తమ్మకు తెలివి ఉన్నది. "నేను తినలే బిడ్డా" అన్నది మొదలు. అని మీ బావను చూసింది, నన్ను చూసింది. మేం మాట్లాడలే. మల్ల ఆమెనే, "ఆఁ, తిన్న. మూడేండ్లు తిన్న" అన్నది. నిజం చెప్పుమని నువ్వు రాసినవు. ఆమె గట్ల అన్నంక మేం ఇగ ఏ నోరుతోని పోయి చెప్తం?

ఇంకెవ్వలతోని అనలే, నీతోని అంటున్న. ఆమెకు రావాల్సింది నువ్వు తిన్నవు.

ఇగ అయిపోయింది. మీ బావ రిజిస్టర్ల ఆమె పేరు మీద ఎర్రసిరతోని గీత గొట్టి, దవాఖానోళ్ల కాగితం అంటించిండు. ఇగ ఎవ్వలు అడిగేది లేదు. నీ పేరు ఎక్కడ లేదు, బయట పడేది లేదు. గార్లోళ్లు శ్రావణంల ముహూర్తం పెట్టుకుందమన్నరు. నోరు మూసుకొని పెండ్లి చేసుకో. మా పిల్లల కోసమన్న.

నిర్మల


భూపాలపల్లి,
20 జూన్ 1986

అక్కా,

నీ ఉత్తరం జనగామ పోయి అక్కడి నుంచి ఇక్కడికి వచ్చింది. నాలుగుసార్లు చదివాను.

ఆ తొమ్మిదీ ఎక్కడివో ఏప్రిల్‌లోనే రాశాను. నువ్వు చదివావు, మరిచిపోయావు. నొప్పి తక్కువై మిగలలేదు. ఒక వేళ దాటితే తర్వాతి వేళకు ఒకటి ఉంటుందని అట్లా దాటిస్తూ పోయాను. చేతిలో ఒక్కటి కూడా లేకపోవడం ఎట్లా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. పోయిన వారం బడిలో రెండో పీరియడుకే కళ్లు తిరిగాయి. హెడ్‌మాస్టరు జీతం లేని సెలవు పెట్టుకోమన్నాడు. మంచిగానే అన్నాడు. కుర్చీ వేయించాడు. కూర్చుంటే ఇంకా ఎక్కువని ఆయనకు ఎట్లా చెప్పాలో తెలియక కూర్చున్నాను.

"ఆమెకు రావాల్సింది నువ్వు తిన్నవు" అన్నావు. ఈ మాట తప్పని రాయడానికి రెండు రోజులు చూశాను. తప్పు కాదు. నేను తిన్నది నాకు కావలసిందే, ఆమెకు అందనిది కూడా అదే. ఇద్దరం ఒక్క పేరు మీద పడ్డాం. ఆమె బాగున్నన్నాళ్లూ నొప్పి ఉన్నది నాకు, కాగితం ఉన్నది ఆమెకు. ఆమెకు నొప్పి వచ్చేసరికి ఆ కాగితమే ఆమె నోరు మూసింది. ఇదంతా నా నడక మంచిగుందని ఎవరో ఒక ఇంటివాళ్లు అనడానికి చేశాం. నేనూ ఒప్పుకునే చేశాను. అప్పుడు నాకు ఇరవై ఒక్కేళ్లు, మూగదాన్ని కాదు. వద్దని ఒక్క మాట అనలేదు. గోలీలు వస్తున్నాయి కదా, ఎవరి పేరైతేనేమి అనుకున్నాను.

మూడు రోజుల కింద హనుమకొండలో ఇంకో డాక్టరును చూశాను. చిన్నవాడు. తుంటి మీద చెయ్యి పెట్టి నేను ఎక్కడ అరిచానో గుర్తు పెట్టుకున్నాడు. నొప్పి నిజమే అన్నాడు. ఈ మాట నాతో అన్న మొదటి మనిషి ఆయన. తర్వాత ఇన్నాళ్లు మందు వాడిన కాగితాలు అడిగాడు. లేవన్నాను. "మందు వాడిన పాత కాగితం ఏదీ లేకుండా ఇరవై నాలుగేళ్ల మనిషికి ఈ మందు నేను రాయలేను. కాగితం ఉండి నేను రాసినా అది ఏ దుకాణంలో దొరుకుతుందో నాకు తెలియదు" అన్నాడు. కోప్పడటానికి కూడా అక్కడ ఎవరూ లేరు. ఆయన చెప్పింది నిజం, చెప్పిన తీరు మర్యాద. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాను. ఎన్ని మెట్లు దిగాలో చూసుకున్నాను.

నువ్వు రాసినట్టు చేస్తే ఏమవుతుందో ఆలోచించాను. ఈశ్వరమ్మ అనే డెబ్బై ఏళ్ల మనిషి మత్తుకు అలవాటుపడి చచ్చిపోయినట్టు ఎర్రగీత కింద ఉంటుంది. అరుంధతి అనే మనిషికి ఎన్నడూ ఏ నొప్పీ లేదని గార్లలో అనుకుంటారు, శ్రావణం దాటిన పదో రోజు దాకా. ఆ తర్వాత నాకు ఉన్నది నొప్పి కాదని, పుట్టింటి మీద యావ అని అంటారు. అప్పుడు నేనూ "ఆఁ" అంటానేమో. మీ అత్తమ్మ అన్నది.

నీ పిల్లలు గుర్తొచ్చారు. పెద్దవాడు నాయినను పట్టుకపోతరా అని అడిగింది గుర్తొచ్చింది. బావ లైసెన్సు పోవచ్చు. అంతకంటే ఎక్కువే కావచ్చు. అవన్నీ చూసుకునే రాస్తున్నాను.

జులై ఒకటి మంగళవారం. హనుమకొండలో మందుల ఇన్స్పెక్టరు ఆఫీసుకు పోతాను. మూడేళ్లు ఆ గోలీలు తిన్నది ఈశ్వరమ్మ కాదు, నేను అని రాసి సంతకం పెట్టి ఇస్తాను. ఎవరి దుకాణం, ఏ డాక్టరు అని అడుగుతారు, చెబుతాను. దీనితో నాకు గోలీలు వస్తాయని కాదు. రావు. గార్ల వాళ్లకు కూడా ఇదే సంగతి రాశాను. ఆ ఉత్తరం, ఈ ఉత్తరం ఒకే డబ్బాలో వేస్తున్నాను.

నువ్వు వచ్చి ఆపాలనుకుంటే భూపాలపల్లికి రావద్దు, నేను ముందురోజే బయలుదేరుతున్నాను. బస్సులో కూర్చోలేను కాబట్టి మధ్యలో దిగి ఆగుతూ పోతాను.

పోతున్నాను.

అరుంధతి